చెన్నపట్నం రైలెక్కిన మా వదిన

మా వదిన పోయింది. పోయిన శుక్రవారం పొద్దున రాగులు చెరుగుతూ చెరుగుతూ, చేట ఒళ్లో ఉండగానే గోడకు ఒరిగిపోయింది. నేను దూది మండీలో కాటా దగ్గర ఉన్నాను. కబురు తెచ్చిన బండివాడు "సామీ, మీ ఇంట్లో పెద్దమ్మ..." అని ఆగిపోయాడు. చావును గురించి ఇన్నేళ్లుగా ఊరికి చెబుతున్నవాణ్ణి. దేహం చొక్కాలాంటిదని గొంతు చించుకున్నవాణ్ణి. ఆ నిమిషాన అవన్నీ మరిచి ఇంటికి పరుగెత్తాను. కాటాలో దూది బేలు అలాగే వేలాడుతూ ఉండిపోయింది.

బెంగుళూరు కాటన్‌పేట భజనమందిరంలో నా ప్రసంగాలు విన్నవాళ్లకు నా సంగతి తెలుసు. నేను బడి ముఖం చూసినవాణ్ణి కాదు. దూది మూటల మీద రాసిన అక్షరాలు చూసి చదవడం నేర్చుకున్నాను. ఆ అక్షరాలే పట్టుకుని శాస్త్రాల దాకా పోయాను. సంచిలో గ్రంథం లేనిదే గడప దాటను. అలాంటి నేను ఒకనాడు ఆ గ్రంథాన్నే అడ్డం పెట్టుకుని తప్పుదారి పట్టబోయాను. చదవడం రాని మా వదిన నన్ను ఆపింది. ఆమెను తలుచుకోవడమంటే ఆ సంగతి దాచకుండా చెప్పుకోవడమే.

మా అన్న చిన్న వయసులోనే పోయాడు. వాళ్లకు పిల్లల్లేరు. నా భార్య కూడా పదకొండు నెలల బిడ్డను వదిలి కన్నుమూసింది. ఆ బిడ్డను వదిన ఎత్తుకుంది. ఎవరూ ఆమెను అడగలేదు, ఆమె ఎవరినీ అడగలేదు. వాడు ఆమెను పెద్దమ్మా అనేవాడు, కానీ అమ్మ అంటే వాడికి ఆమే.

నా ప్రసంగం ఆమె ఏనాడూ కూర్చుని వినలేదు. చెప్పుల దగ్గర నిలబడి కొంచెం సేపు విని, హారతికి ముందే వెళ్లిపోయేది. ఇంటికి వచ్చాక రాగిసంగటి వడ్డిస్తూ తీర్పు చెప్పేది.

"ఈ పొద్దు శానా అరిస్తివప్పా. దేవుడికేమన్నా చెవుడా?"

మా వాడికి చిన్నప్పటి నుంచీ పేటలో బండి ఎద్దుల మీదే ధ్యాస. కాడి ఒరుసుకుని పుండు పడిన మెడలకు వేపనూనె రాసేవాడు. ఇంటర్మీడియెట్ చదువుతూ, పశువైద్యం చదువుతానన్నాడు. వీధి నవ్వింది. మండీలో ఒకాయన నా ముఖం మీదే అన్నాడు: "ఏమప్పా, తండ్రి వేదాంతం, కొడుకు ఎద్దుల తోకలా?" సిగ్గుపడ్డాను. ఇంటికి వచ్చి, వేరే చదువు చూసుకోమని వాడికి చెప్పాను. వదిన విన్నది.

"మందిరంలో గోసేవ, గోసేవ అని గోడలు అదిరేట్టు చెప్తావు కదప్పా. బిడ్డ నిజంగా చేస్తానంటే బేజారెందుకు నీకు? నోటితో చేసే సేవే సేవా?"

మర్నాడే ఆ చదువు ఎక్కడ ఉందో వాకబు చేయడానికి బయలుదేరాను. నా నోరు మూయించగలిగిన మనిషి ఈ పేటలో ఆమె ఒక్కతే.

ఆ చదువు మైసూరు సీమలో లేదు. చెన్నపట్నంలో సర్కారు కాలేజీ ఉంది. ఫారం తెప్పించి చూశాను. చెన్నరాజధానిలో, అంటే మద్రాసు ప్రెసిడెన్సీలో ఎక్కడైనా, కాపురం ఉన్నవాళ్ల పిల్లలకైతే ఫీజు మాలాంటివాళ్లు పంటి బిగువున కట్టుకోగలిగినంతే. మా మైసూరులాంటి బయటి సంస్థానాల వాళ్లకు దానికి ఎన్నో రెట్లు, సీట్లు కూడా నామమాత్రమే. మనం తెలుగువాళ్లం, అవతల సగం దేశం తెలుగుదే, మనం పరాయివాళ్లం ఎలా అవుతామని నేను ఫారం మీదే కేకలు వేశాను. ఫారం నోట్లోని భాషను అడగలేదు. పొయ్యి ఎక్కడ వెలుగుతోందని అడిగింది. విద్యార్థిని పోషించేవారు ఏడాదిగా అక్కడ కాపురం ఉన్నట్టు సర్కారు అధికారి సంతకం కావాలి.

నాకు తెలిసిన ఒక ప్లీడరు గుమాస్తా దారి చూపించాడు. సరిహద్దు అవతలి పల్లెలో అతని బంధువు ఉన్నాడట. మేము ఆ పల్లెలోనే ఉంటున్నట్టు కాగితం పుట్టిస్తాడట. "ఎవరు చూడొస్తారు సామీ? అందరూ చేసేదే" అన్నాడు. నేను ఆ సాయంత్రం గ్రంథం విప్పాను. ఆపదలో ధర్మం వంగుతుందని చెప్పే చోట్లు నాకు కంఠతా వచ్చు. చదువు కోసం, అందులోనూ మూగజీవాల కోసం ఒక చిన్న అబద్ధం దోషం కాదని వదినకు బోధించడం మొదలుపెట్టాను. ఆమె గిన్నె తోముతూ విన్నది. చివరికి చెయ్యి కడుక్కుని వచ్చి నా ఎదురుగా కూర్చుంది.

"ఆ పుస్తకం మూసి చెప్పప్పా."

మూశాను. మూసిన తరువాత చెప్పడానికి నా దగ్గర ఏమీ మిగల్లేదు.

"మనం ఆడ ఉండామని అబద్ధం రాయించేదెందుకు? పోయి ఆడే ఉంటే పోలా?"

"ఎవరు పోతారు వదినా? నాకు మండీ. వాడికింకా ఏడాది చదువు ఇక్కడే ఉండాది."

"బిడ్డను సాకింది ఎవరు? ఫారంలో అడిగేది వాళ్లనే కదా. నేను పోతా."

అవి యుద్ధపు రోజులు. చెన్నపట్నం మీద బాంబులు పడతాయని జనం మూటలు సర్దుకుని ఊరు విడిచి వస్తున్నారు. బెంగుళూరులో ప్రతి ఇంటా అక్కడి నుంచి వచ్చిన చుట్టమే. మా మండీ యజమానికి చెన్నపట్నంలో ఒక గోదాము ఉండేది. వంటవాడు పారిపోయాడు, ఇద్దరు గుమాస్తాలు పస్తులతో ఉన్నారు. వాళ్లకు వండిపెట్టే మనిషి దొరికితే గోదాము వెనక గది ఊరికే ఇస్తానన్నాడు. వదిన ఒప్పుకుంది.

స్టేషనుకు వెళ్లాం. అటు నుంచి వచ్చిన బండిలో నిలబడే చోటు లేదు. కిటికీల్లోంచి పిల్లల్ని అందిస్తున్నారు. అటు వెళ్లే బండిలో ఆడవాళ్ల పెట్టె ఖాళీ. మా వదిన అందులో ఒక్కతే, పక్కన ఒక ట్రంకుపెట్టె, గోనెగుడ్డలో చుట్టిన, సంగటి కెలికే కట్టె. మా వాడు కిటికీ పట్టుకుని ఏడ్చాడు.

"ఏడిస్తే పాఠం ఎవురు చదివేదిరా? బాంబు పడితే నెత్తిన చట్టి పెట్టుకుంటాలే, పో."

పెద్ద పెద్ద సభల్లో ధైర్యాన్ని గురించి చెప్పాను. ధైర్యం ఎలా ఉంటుందో ఆ రోజు కిటికీలో చూశాను.

ఏడాది గడిచాక మేమిద్దరం వెళ్లేసరికి ఆమె చిక్కిపోయి ఉంది. ఆ ఉక్కకు మెడ నిండా చెమటకాయలు. సంతకం పెట్టవలసిన అధికారి విచారణకు వచ్చాడు. తెలుగు వచ్చినవాడే. గదిని చూశాడు, ట్రంకుపెట్టెను చూశాడు.

"బెంగుళూరు మనిషివంటున్నారు. ఏడాదిగా ఇక్కడే ఉన్నట్టు రుజువేమిటమ్మా?"

"రుజువా? వీధిలోకి రాండి సామీ."

కొళాయి దగ్గర ఆడవాళ్లు బిందెలతో ఉన్నారు. అధికారి అడగడమే ఆలస్యం.

"ఈమెనా! ఏడాదిగా నా బిందెను వెనక్కి తోస్తూనే ఉంది!"

"నీ బిందె నడిచి ముందుకొస్తా ఉంటే తోయకేం చేసేది?" అంది వదిన.

ఇంకొకామె, "సంక్రాంతి ముందు నాతో మాటలు మానేసింది, మళ్లీ తనే సంగటి ముద్ద పంపింది. ఆ నల్లముద్ద ఎలా తినాలో మాకు తెలిస్తేనా!" అంది. అందరూ నవ్వారు. వెనక నుంచి ఒక చిన్న వయసు పిల్ల, చంకలో బిడ్డతో, మెల్లగా చెప్పింది: "సైరను మోగినప్పుడు నా కాళ్లు ఆడలేదు. నా బిడ్డను ఎత్తుకుని మెట్ల కిందికి పరుగెత్తింది ఈమే."

అధికారి కలం తీశాడు. "ఇంత కొట్లాట పక్కవీధి నుంచి వచ్చి చేసేది కాదు" అంటూ సంతకం పెట్టాడు.

మా వాడికి సీటు వచ్చింది, అందరితో సమానమైన ఫీజుకే. పై తరగతివాళ్ల పుస్తకాలు అడిగి తెచ్చుకుని చేత్తో రాసుకున్నాడు. చదువు అయ్యేదాకా వదిన అక్కడే పొయ్యి వెలిగించింది. వాడు చేరిన మరుసటి ఏడు మన పేట నుంచి మరో ఇద్దరు పిల్లలు వెళితే, ఆ గదిలోనే చాపలు పడ్డాయి. బయటి ఊళ్లో చదువు ఎలా సాగుతుందని ఎవరైనా అడిగితే ఆమె ఒకటే చెప్పేది: "ఫారం అంతా చదివించుకో. రాసింది నిజం చేసుకునేదానికి ఏం చేయాలో చూసుకో."

చదువుకునే పిల్లలున్న ఇళ్లవాళ్లారా, ఇది వినండి. వేదికలెక్కి అరిచే నాలాంటివాళ్లారా, మీరు ఇంకా గట్టిగా వినండి! నేను ముప్పై ఏళ్లు సత్యాన్ని గురించి మాట్లాడాను. మా వదిన ట్రంకుపెట్టె సర్దుకుని వెళ్లి ఆ సత్యంలో కాపురం ఉంది. ఆమె మా ఇంటి మనిషి అని చెప్పుకోవడం కంటే పెద్ద బిరుదు నాకు అక్కర్లేదు.

మా వాడు ఇప్పుడు ఒక తాలూకా పశువుల ఆసుపత్రిలో డాక్టరు. కిందటేడు ఆమెను అక్కడికి తీసుకెళ్లాను. మేము వెళ్లేసరికి వాడు మోచేతుల దాకా నెత్తురుతో, అడ్డం తిరిగిన దూడను బయటికి తీస్తున్నాడు. రైతు దండం పెట్టి, పక్కనున్న ఆమెను ఎవరమ్మా మీరు అని అడిగాడు. ఆమె మా వాణ్ణే చూస్తూ ఉంది. కాసేపటికి అరుగు మీద కూర్చుంది. ఎండలో తడి ఆరుతున్న దూడ రెండుసార్లు పడి, మూడోసారి నిలబడి, వణికే కాళ్లతో వచ్చి ఆమె కొంగు నోట పట్టింది. కొత్త చీర అది. ఆమె కొంగు లాక్కోలేదు. దూడకు ఇంకాస్త అందేలా ముందుకు వంగింది.