శివారు అడవిలో మా చెట్టు

“ఈ చెట్టు నువ్వూ నేనూ తప్ప ఎవరూ చూడర్రా” అని మాటిచ్చి, ఏడాది తిరక్కుండానే తప్పిన మనిషి పోయిన నెల గుంటూరులో కన్నుమూశాడు. ఇద్దరం ఒకే కాలేజీలో పనిచేశాం. అతను వృక్షశాస్త్రం చెప్పేవాడు, నేను తెలుగు. సంతాప సభలో అందరూ పొగిడారు. నాకు తెలిసింది నేను రాస్తున్నాను.

మిరపకాయలు ఎండబోసే కల్లాలు దాటాక, రాళ్ళ నేలలో ఒక చిట్టడవి ఉంది. ఎనభైల మొదట్లో ప్రతి ఆదివారం సైకిళ్ళ మీద వెళ్ళేవాళ్ళం. బలుసు, రేగు, కలివి. చిన్న ఆకులు, ఎండకి లొంగనివి. మధ్యధరా సముద్రతీర నగరాల శివార్లలోనూ ఇలాంటి అడవులే ఉంటాయని చదివి అతనికి చెప్పింది నేనే. మర్నాడు క్లాసులో తన మాటగా చెప్పాడు. పిల్లలు చప్పట్లు కొట్టారు. నా క్లాసులో ఎవరూ ఎన్నడూ కొట్టలేదు.

అక్కడే ఒక బండ పక్కన కనిపించింది ఆ చెట్టు. నడుమెత్తు, తెల్లపూలు. పేరు అతనికీ తెలియలేదు. నాకు లోలోపల సంతోషం. నేను సంచీలోంచి పుస్తకం తీయబోతే, “ముందు చెట్టు దగ్గర కూర్చోరా, పుస్తకం ఎక్కడికీ పోదు” అన్నాడు. ఆ మాటకి ఇప్పటికీ కృతజ్ఞుణ్ణి.

ఒక ఆదివారం ఏదో పట్టింపుతో నేను రానన్నాను. అతను క్లాసునంతా తీసుకెళ్ళాడు. పరీక్షకి మొక్కల కొమ్మలు ఎండబెట్టి అట్టలకి అంటించి ఇవ్వాలి కదా, తలా ఒక పూలకొమ్మ విరిచారు. మిగిలింది మేకలు మేశాయి. వేసవికి చెట్టు మోడైంది.

“ఏరా, మాటిచ్చావుగా?”

“నువ్వు రాలేదుగా! అయినా నువ్వు మాత్రం దానిమీద పద్యం రాసి ఊరంతా వినిపించేవాడివి కాదేంట్రా?”

పద్యం అప్పటికే రాశాను. ఆ సాయంత్రం చింపేశాను. మళ్ళీ ఆ దారి తొక్కలేదు. అతను మాత్రం తన కారియర్‌లోని గోంగూర పచ్చడి నా బల్ల మీద పెట్టి, మాట్లాడకుండా వెళ్ళేవాడు. నేనూ మాట్లాడకుండా తినేవాణ్ణి.

పెద్దకర్మనాడు అతని భార్య ఒక నీళ్ళ డబ్బా తెచ్చి చూపింది. “అన్నయ్యగారూ, ఆదివారం ఆదివారం ఇది నింపి సైకిలుకి కట్టుకుని అడవికెళ్ళేవారండీ. ఎందుకండీ అంటే, ఎవరికీ చెప్పనని మాటిచ్చానే అనేవారు.”

మర్నాడు వెళ్ళాను. మోడు పక్కన, వేళ్ళలోంచి లేచిన చెట్టు నా భుజాలదాకా ఉంది. నిండా పూలు. మేకలు రాకుండా చుట్టూ రేగుకంప. చెట్టు మొదలు దగ్గర మన్ను ఎండి బీటలు వేసింది. ఇచ్చిన మాట చివరికి నిలబెట్టుకున్నాడు, నాక్కూడా చెప్పకుండా. కంపలో మనిషి పట్టేంత సందు ఒక్కటి వదిలాడు, సరిగ్గా ఒక్క మనిషికే.

చెట్టు చచ్చినందుకు ఎప్పుడో క్షమించేవాణ్ణి. బతికిందని నాకు చెప్పకపోవడం మాత్రం ఇవాళ్టికీ అతని తప్పే. నా స్నేహితుడి తప్పే.