అందరి ముందు అడిగిన ప్రశ్న

ఆఫ్రికాలో మా హెలికాప్టర్ దిగేసరికి పగలు పదకొండు. నేలంతా నల్లమట్టి. వాన పడితే కాలు పైకి వచ్చేది, బూటు బురదలోనే ఉండిపోయేది. నీలి హెల్మెట్, బులెట్‌ప్రూఫ్ జాకెట్, రైఫిల్, రెండు నీళ్ళ సీసాలు. ఐక్యరాజ్యసమితి తరఫున వెళ్ళిన భారత పటాలం మాది. ఆర్డరు ఒక్కటే: చూడండి, రిపోర్టు చెయ్యండి, కలగజేసుకోకండి.

నాది నాచారం. మా రేడియో ఆపరేటర్‌ది ఉప్పల్. మొదటి రోజే నా పక్కన చతికిలబడి, "అన్నా, గీ ఎండ కంటే మన నాచారం కంపెనీల రేకుల షెడ్డే నయం" అన్నాడు.

ఇప్పుడు ఆ కంపెనీల్లో ఒకదాని గేటు దగ్గరే నా సెక్యూరిటీ డ్యూటీ. షిఫ్టు దిగిన వర్కర్లు అడుగుతారు, "ఆడ లొల్లి దేనికే అన్నా? పెట్రోలుకా, మతానికా?" అని. మనుషుల కోసం అంటాను. ఆ దేశంలో ఉత్తరాది ఆసాములు దక్షిణాది ఊళ్ళ మీద పడి ఆడవాళ్ళను, పిల్లలను ఎత్తుకుపోయి బానిసలుగా పెట్టుకున్నారు. వదలమని దక్షిణాది సభ్యులు చట్టసభలో అడిగితే, "బానిసలెవరు? మా ఇంటి మనుషులే" అని ఉత్తరాది నాయకులు సిగ్గు లేకుండా చెప్పేవారు. సభ వాయిదా పడ్డ ప్రతిసారీ ఊళ్ళల్లో తుపాకులు పెరిగేవి.

చివరికి ఇరుపక్షాలూ ఒక మాట అనుకున్నాయి. ఉత్తరాదివాళ్ళు ఎత్తుకుపోయిన ఆడవాళ్ళలో ఒకామెను మా క్యాంపు ముందుకు తెచ్చి అడగాలి. బలవంతంగా ఉన్నానంటే ఆ ప్రాంతంలో అందరినీ వదిలేయాలి. ఇష్టంగా ఉన్నానంటే ఎవరినీ వదలక్కర్లేదు. అక్కడ ఏ పంచాయితీ అయినా అందరి ముందే జరగాలి. చాటుగా అడిగితే మోసం కింద లెక్క. ఆ పద్ధతిని పెద్దమనుషులంతా తలలూపి మెచ్చుకున్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది.

ఆమెను తెచ్చింది యజమానే, తన ట్రక్కులో. ఆమె కూతురిని మాత్రం దించలేదు. తుపాకీ ఒళ్ళో పెట్టుకున్న డ్రైవరు పక్కనే కూర్చోబెట్టారు.

"సార్, పిల్లను దించమనండి. ఆమెను ఒంటరిగా అడగమనండి" అన్నాను కెప్టెన్‌తో.

"అది మన పని కాదు" అన్నాడాయన.

క్యాంపు కాపలా టవర్ మీది నుంచి ఆపరేటర్ వాకీటాకీలో, "పిల్ల ఆళ్ళ చేతిల ఉంటే తల్లి నోరెట్ల తెరుస్తది? గిదేం పంచాతి అన్నా?" అన్నాడు.

ఆమె ఇష్టంగానే ఉన్నానంది. యజమాని నవ్వుతూ లేచాడు. దక్షిణాది పెద్దమనిషి తన కుర్చీని ఒక్క తన్ను తన్ని వెళ్ళిపోయాడు. ఆ వారంలోనే దక్షిణాది సభ్యులు చట్టసభను వదిలేశారు. తర్వాత మాకు రేడియోలో వినిపించినవన్నీ కాల్పుల కబుర్లే. ఇష్టమట! వాళ్ళ మొహాలకు ఇష్టం!

నేను తిరిగొచ్చి ఉప్పల్‌లో బస్సు దిగేసరికి చౌరస్తాలో తెలంగాణ కోసం రాస్తారోకో. ఇంటి పక్కాయన నా పెట్టె అందుకుంటూ, "సింహాలు గిట్ల కనబడ్డయా?" అన్నాడు. కోపం నషాళానికెక్కింది, ఆయన తప్పేమీ లేకపోయినా.

ఆ రోజు క్యాంపు ముందు జవాబు చెప్పేటప్పుడు ఆమె మొహం పెద్దమనుషుల వైపే ఉంది. నేను ఆమె వెనక, ట్రక్కుకు ఇవతల నిలబడి ఉన్నాను. అమ్మ గొంతు విని పిల్ల ట్రక్కు తలుపు తీసి ఒక కాలు కిందికి పెట్టింది. తలుపు చప్పుడైనా ఆమె తల తిప్పలేదు. ఒక చెయ్యి మాత్రం వీపు వెనక్కి తెచ్చి, దిగొద్దని అరచెయ్యి చూపింది. పిల్ల కాలు వెనక్కి తీసుకుంది.