మామయ్య, తుఫాను, కిటికీ బల్ల

మా మామయ్యకు ముప్పయ్యేళ్ళుగా తెలిసిన విద్య ఒక్కటే, గుడ్డ కత్తిరించడం. ప్యాంటు గుడ్డను మూడుసార్లు కొలిచి, సుద్దతో గీత గీసి, ఆ గీత చెరిపి, నాలుగోసారి కొలిస్తే గానీ కత్తెర పట్టడు. అలాంటి మనిషిని పోకర్ ఆడమన్నారు. అదీ తుఫానుతో, ఎదురెదురుగా ఇద్దరే కూర్చుని.

తుఫాను మా దర్జీ కొట్లో కొత్తగా చేరిన కట్టర్. అసలు పేరు ఏదో ఉండే ఉంటుంది, ఎవరూ అడగలేదు. మనిషి కంటే ముందు గొంతు లోపలికి వస్తుంది. చేరిన నెలకే కిటికీ దగ్గరి బల్ల తనకు కావాలన్నాడు. స్కూలు యూనిఫారాల పని తన చేతిలో ఉంది కాబట్టి పెద్ద బల్ల తనదేనట. ఆ బల్ల మీద మామయ్య ముప్పయ్యేళ్ళుగా పని చేస్తున్నాడు.

మా ఓనరు గారు ఎవరినీ నొప్పించలేని మనిషి. వాళ్ళ నాన్న కాలం నుంచి ఈ కొట్లో ఒక పద్ధతి ఉంది. పనివాళ్ళకు తగువొస్తే మధ్యాహ్నం కొట్టు మూసే గంటలో పేకాటతో తేల్చుకోవాలి. పందెం డబ్బుతో కాదు, గుండీలతో. చెరో రెండు వందల గుండీలు ఇస్తారు. ఎవరివి అయిపోతే వాళ్ళు నోరు మూసుకుని లోపలి బల్లకు పోవాలి.

లోపలి బల్ల మీద వెలుతురంటే ఒక్క ట్యూబులైటే. మామయ్యకు చూపు తగ్గుతోంది. ఆ సంగతి నాకొక్కదానికే తెలుసు. నేను అదే కొట్లో కాజాలు కుడతాను. రోజుకోసారైనా నా దగ్గరికి వచ్చి, "అమ్మాయ్, ఈ దారం నలుపా, నీలమా?" అని గొంతు తగ్గించి అడుగుతాడు. కిటికీ వెలుతురు ఉంది కాబట్టి నెట్టుకొస్తున్నాడు. లోపలి బల్ల మీద పడితే నెల తిరక్కుండా ఎవరిదో ఖరీదైన గుడ్డ పాడవుతుంది, కట్టర్‌గా ఆయన బతుకు అక్కడితో సరి. డాక్టరు దగ్గరికి పద మామయ్యా అంటే "అలసటే" అంటాడు. ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది.

ఆట లోపలి బల్ల మీదే. చేతికి రెండేసి ముక్కలు, మధ్యలో ఇద్దరికీ కనబడేలా అయిదు. వాటిలో మంచివి అయిదు ఏరుకోవాలి. తుఫాను తన ముక్కలు చూసీ చూడకుండానే గుప్పెడు గుండీలు ముందుకు తోసేవాడు. "ఏం మాస్టారూ, వస్తారా, పోతారా?" అని బల్ల అదిరేలా అడిగేవాడు. మామయ్య వెంటనే ముక్కలు పడేసి, అప్పటిదాకా వేసిన గుండీలు వదులుకునేవాడు. నాలుగు రోజులు తిరిగేసరికి ఆయన గుండీలు ఎనభైకి వచ్చాయి.

నేను ఫోన్లో చూసి నేర్చుకుని పాఠం మొదలుపెట్టాను.

"ఇద్దరే ఆడేటప్పుడు గొప్ప ముక్కల కోసం కూర్చుంటే కుదరదు మామయ్యా. ప్రతిసారీ తోసేవాడి దగ్గర ప్రతిసారీ సరుకుండదు. నీకు ఒక్క జత తగిలినా వదలకు. నిజంగా గట్టివి వస్తే మాత్రం నువ్వు పెంచకు, అతను వేసినన్నే వేసి ఊరికే వెంట వెళ్ళు. అతనే తోసుకుంటూ వస్తాడు."

"అంటే ఉన్నప్పుడు మెత్తగా, లేనప్పుడు గట్టిగానా?"

"లేనప్పుడు కాదు, కొంచెం ఉన్నప్పుడు."

"కొంచెమంటే ఎన్ని అంగుళాలు?"

నేను చెప్పేలోగా కొట్లో ఇస్త్రీ చేసే పెద్దాయన అందుకున్నాడు. "దాని మాటలు వినకు. వాడు గుప్పెడు తోస్తే నువ్వు రెండు గుప్పెళ్ళు తొయ్యి. హడలిపోతాడు." మామయ్య ఒకరోజు నా మాట, ఒకరోజు ఆయన మాట విని, మూడో రోజు ఎవరి మాట వినాలో తెలియక అన్నం కూడా సగంలో వదిలేశాడు. నిజం చెప్పొద్దూ, అప్పటికి నాకూ తల తిరిగిపోయింది. తుఫాను దగ్గర ఉన్నాయో లేవో తెలిస్తే చెప్పొచ్చు. తెలియకుండా ధైర్యం చెయ్యమని ఎలా చెప్పను?

అసలు తప్పు నాకు ఎనిమిదో రోజున దొరికింది. మామయ్య గుండీలను ఊరికే వెయ్యడు. మంచి ముక్కలొస్తే ఒకే రంగువి, నాలుగు కన్నాలవి, చొక్కాకు సరిపడా ఏరి వరసగా పెడతాడు. అనుమానంగా ఉంటే పాత కోట్ల మీంచి తెగిపోయినవి, పెచ్చులూడినవి పెడతాడు. తుఫాను ముక్కలు చూడకుండా గుండీలు చూసి ఆడుతున్నాడు!

"కలిపేసి వెయ్యి మామయ్యా!"

"ఒకే వరసలో రకరకాల గుండీలు ఎవరైనా వేస్తారా?"

"ఇది చొక్కా కాదు మహానుభావా!" అని అరిచేశాను. తర్వాత బాధపడ్డాను. ఆయన మాత్రం ఆ రోజు నుంచి గుండీల వంక చూడకుండా, చేతికందినన్ని తీసి వేశాడు. తుఫాను మొదటిసారి తన ముక్కలు పరీక్షగా చూసుకున్నాడు. ఒకటి రెండు జతలకే మామయ్య వెంట వెళ్ళి గెలిచాడు. పన్నెండో రోజుకు గుండీలు రెండు వందలు దాటాయి.

ఆఖరి ఆట ఆ రోజే. మధ్యలో ఎర్ర ఆఠీన్లు మూడు పడ్డాయి, మిగతా రెండూ నల్లవి. చేతిలో ఇంకో రెండు ఆఠీన్లుంటే అయిదూ ఒకే గుర్తు, అంటే కలరు. తుఫాను ఉన్న గుండీలన్నీ ముందుకు తోసేశాడు. మామయ్య తన ముక్కలు చూసుకున్నాడు. మొహంలో ఏమీ కనబడనివ్వలేదు. "వస్తున్నాను" అన్నాడు మెల్లగా. పాఠం ఇంత బాగా ఒంటబట్టిందే అని నా గుండె ఉప్పొంగింది.

ఓనరు గారు కూడా గుమ్మం దగ్గరికి వచ్చారు. మామయ్య ముక్కలు తిప్పాడు. "తొమ్మిది, నాలుగు. రెండూ ఆఠీన్లే. కలరు."

తొమ్మిది ఆఠీనే. నాలుగు మాత్రం డైమండు, అదీ ఎరుపే.

ఓనరు గారు ముక్కలు చూడ్డానికి రెండడుగులు ముందుకు వేశారు. తుఫాను మామయ్య మొహం వంక చూశాడు. ఆ మొహంలో చిన్నపిల్లాడి సంతోషం. అంతే, తుఫాను తన ముక్కలు బోర్లా పెట్టి, బల్ల మీదివన్నీ ఒక్క చేత్తో పోగేసి పేకలో కలిపేశాడు.

"కలరే. మీరే గెలిచారు మాస్టారూ. కిటికీ మీది."

ఆ సాయంత్రం తుఫాను లోపలి బల్ల సర్దుకుంటుంటే వెళ్ళి అడిగాను. "అన్నా, నీ దగ్గర ఏమున్నాయి?"

"చెత్త."

"నిజంగానా?"

"నీకెందుకు?" అని కసిరాడు. తర్వాత గొంతు తగ్గించాడు. ఆ గొంతు తగ్గగలదని నాకు అప్పటిదాకా తెలియదు. "ఆ నాలుగు నేనూ చూశాను. రేపటి నుంచి మాస్టారు కత్తెర పెట్టేముందు గీతలు నువ్వోసారి కొలువు. ఆయనకు తెలియనివ్వకు."

అతను చెత్తతో ఓడాడా, గెలిచి వదిలేశాడా? ఇన్ని రోజులు అతన్ని తిట్టుకున్నందుకు సిగ్గుపడాలా, మా గుట్టు అతనికి చిక్కినందుకు భయపడాలా? ఈ రోజుకీ తేల్చుకోలేకపోయాను.

మర్నాడు పొద్దున మామయ్య బల్ల మీద గుడ్డ పరిచి, గీతలు గీసి, మంచినీళ్ళకు వెళ్ళాడు. కిటికీ నిండా ఎండ. టేపు తీసి కొలిచాను. నడుము గీత ముప్పావు అంగుళం పక్కకు పోయింది. ఇంత వెలుతురులో.

కుండ దగ్గర మామయ్య ఇస్త్రీ పెద్దాయనకు చెబుతున్నాడు. "తోసేవాడి ముందు కంగారుపడకూడదయ్యా. మన ముక్కలు మనం సరిగ్గా చూసుకోవాలి, అంతే." నేను గీత చెరిపి, ఆయన తిరిగొచ్చేలోగా సరిగ్గా గీశాను.