నిరోధము స్వల్పమన్న చీటి

జలాధిదేవతలకు ముందుగా నమస్కరించి ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. ఫాల్గుణ బహుళ చవితి, ఆదివారం ఉదయం, రాజాం బస్టాండులో భోగాపురం వైపు వెళ్లే బస్సు కోసం నిలబడి ఉండగానే, మా కళాశాల రసాయనశాస్త్రాచార్యులు అప్పలస్వామి మాస్టారు గుండె ఆగి కన్నుమూశారు. ఏళ్ల తరబడి ఆయన పక్క గదిలో తెలుగు పాఠం చెప్పిన నాకు, ఆయన ఎందుకు బయలుదేరారో ఎవరూ చెప్పనక్కరలేదు.

లవణద్రావణాల విద్యుత్ నిరోధాన్ని కొలవడం ఆయన జీవితవ్యాసంగం. స్వచ్ఛమైన నీరు కరెంటును గట్టిగా అడ్డుతుంది. ఉప్పు కరిగినకొద్దీ ఆ నిరోధం పడిపోతుంది. ఈ సూక్ష్మాన్ని నావంటి శాస్త్రవిహీనుడికి సైతం బోధించిన సహనశీలి ఆయన. రెండు ప్లాటినం రేకులున్న గాజుపాత్రను, కొలవబోయే నీటితోనే మూడుసార్లు కడిగేవారు. ఒకేవైపు పారే కరెంటును దగ్గరికి రానిచ్చేవారు కాదు. కారణమడిగితే, "పరీక్ష పెట్టే కరెంటే నీటిని మార్చీసిందనుకోండి పంతులుగారూ, ఇంక మనం కొలిసింది ఏటి?" అన్నారు.

భోగాపురం దాపున సముద్రపు ఒడ్డున, చేపల వేటకు వెళ్లే కుటుంబాల పేట ఒకటుంది. నిరుడు వేసవిలో వారి బావినీటిని కొలిచి, ఫలితాన్ని తెలుగులో రాసివ్వమని ఆయన నన్ను కోరారు. "ఈ జలమునకు నిరోధము స్వల్పము" అని రాశాను. నా వాక్యశుద్ధికి నేనే మురిశాను. ఆయన సంతకం చేశారు. తాగడానికి అడ్డంకి ఏమంత లేదని పేటవారు దానిని చదువుకున్నారు. నాలుకకు అలవాటైన ఉప్పదనమే కనుక వానలు పడేదాకా ఆ నీరే తాగారు.

చేపలమ్ముకునే పోలమ్మ భర్తకు కాళ్లు పొంగాయి. దీపావళి దాటాక పోయాడు. పరామర్శకు వెళ్లిన మాస్టారికి ఆ ఇంటి గోడకు అంటించిన చీటి కనిపించింది. దానినెలా అర్థం చేసుకున్నారో అప్పుడు తెలిసింది. ఆ నీరే కారణమని వైద్యులెవరూ అనలేదు కదా అని నేను ధైర్యం చెప్పబోయాను.

"కాదని కూడా అన్లేదు కదండీ. మీటరు అబద్ధం సెప్పలేదు. మనమే సెప్పినాం."

ఆ 'మనం' నా ఎదుట మాత్రమే. పేటలో ఏనాడూ నా పేరెత్తలేదు.

అప్పటినుంచి ప్రతి ఆదివారం వెళ్లి, ఇంటింటికీ తిరిగి తాగవద్దని బతిమాలేవారు. ఒకసారి నేనూ వెంట వెళ్లాను. పోలమ్మ నెత్తి మీది తట్ట దించకుండానే నిలదీసింది. "ఏటి మాస్టారూ, మా నీటికి పరీక్షెట్టి పాసు సేసినారు. మా ఆయన పోయినాక ఫెయిలంతన్నారు. ఏ మాట నమ్మమంతారు?"

ఆయన తల వంచుకున్నారు. "రెండోదే నమ్ము తల్లీ," అన్నారు. మరుసటి వారం మళ్లీ వెళ్లారు. ఆ పైవారమూ వెళ్లారు.

అంతటి సత్యనిష్ఠాగరిష్ఠుని లోటు మా కళాశాలకు తీరేది కాదు. నా పాండిత్యం చేసిన అపరాధాన్ని తన శిరస్సున మోసి వెళ్లిన ఆ మహనీయునికి అశ్రుతర్పణం విడువడం తప్ప నేను చేయగలిగింది స్వల్పం.

ఫాల్గుణ బహుళ ఏకాదశి, ఆదివారం నాడు నేను ఆ పేటకు వెళ్లి, చీటిలోని మాటలు నావని అందరికీ చెప్పి, బావి గోడ మీద "ఉప్పునీరు, తాగొద్దు" అని రంగుతో రాశాను. పేటకు మంచినీళ్లు తెచ్చే ట్యాంకరు ఆ రోజు రాలేదు. సాయంత్రం ఆ బావి నీళ్లే బిందెలకెత్తుకున్నారు.