పన్నెండు నిమిషాల ఫైల్, పదమూడో నిమిషం

దయ్యాలు, శకునాలు అంటే నాకు ఒళ్ళు మంట. పిల్లి ఎదురొచ్చిందని ఆటో ఆపించిన మా పెద్దమ్మతో నడిరోడ్డు మీద కొట్లాడిన మనిషిని. అర్థం కానిది ఏదైనా ఉందంటే ఎవరో సరిగ్గా చూడలేదని అనేదాన్ని.

కరీంనగర్‌లో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసులో పనిచేస్తాను. ఫోన్‌లో ఈమెయిల్ తెరిచే మా యాప్‌ను ఊళ్ళలోని ఆరోగ్య కేంద్రాల వాళ్ళు వాడతారు. ఆ వానాకాలం ఒకటే గోల: మెయిల్‌తో వచ్చే పెద్ద ఫైళ్ళు సగంలో ఆగిపోతున్నాయి. సిగ్నల్ తెగి మళ్ళీ వచ్చినప్పుడు, ఆగిన చోటి నుంచి మిగతాది ఫోన్ అడగాలి. మా యాప్ ఆ చోటును తప్పుగా లెక్కపెడుతోంది. ఆ కోడ్ రాసింది నేనే కాబట్టి ఇంకెవరినీ తిట్టడానికి కూడా లేదు.

పరీక్షకు ఒక పెద్ద ఫైల్ పంపమని మా చెల్లెలు సరితను అడిగాను. జైనూర్ దగ్గర ఒక గూడెంలో నర్సు. అద్దె పెంకుటింట్లో వాళ్ళ కేంద్రం. అక్కడ సిగ్నల్ దొరికేది ఒక్క కిటికీ దగ్గరే. ఎవరు మాట్లాడాలన్నా అక్కడే నిలబడాలి. టీకాల మీటింగ్‌ను పన్నెండు నిమిషాలు రికార్డు చేసి పంపింది.

మర్నాడు పొద్దున పదకొండింటికి ఆఫీసు ఫోన్‌లో దాన్ని దించుతూ, కావాలనే నెట్ ఆపుతూ, పెడుతూ ఉన్నాను. ఫైల్ మొత్తం వచ్చేసింది. అయినా ఫోన్ ఇంకా అడుగుతోంది. లేనిది అడిగితే, ఫైల్ దాచి ఉంచే సర్వర్ లేదనాలి. అనలేదు, పంపింది. సర్వర్‌లో పన్నెండు నిమిషాలు, ఫోన్‌లో పదమూడు!

ఇంకెవరి ఫైలో కలిసిందనుకుని ఆ చివరి నిమిషం విన్నాను. వాన చప్పుడు. తర్వాత సరిత గొంతు.

"హలో అక్కా, నేను పంపింది వచ్చిందా?"

అవతలి మనిషి ఏదో అడిగేంత సేపు వాన చప్పుడే.

"కిటికీకాన్నే ఉన్న. ఇంకేడ ఉంట?"

ఆ తర్వాత కర్ర విరిగిన చప్పుడు, పెళపెళమని ఏదో కూలడం. చివర్లో వాన ఒక్కటే.

ఆ మాటలు మేమిద్దరం ఎప్పుడూ మాట్లాడుకోలేదు. ఫోన్ చేద్దామని తీసి ఆగిపోయాను. చేస్తే దాన్ని కిటికీ దగ్గరికి పిలిచేది నేనే కదా! చేయకపోతే?

అంతలో నా ఫోన్ మోగింది. సరిత.

"హలో అక్కా, నేను పంపింది వచ్చిందా?"

అదే గొంతు, అదే సాగదీత, వెనక అదే వాన. 'ఎక్కడున్నవే' అని నోటిదాకా వచ్చింది. పళ్ళు బిగబట్టి మింగేశాను.

"సరితా, బయటికి ఉరుకు! అందరిని తీస్కొని ఉరుకు!"

"ఏమైందక్కా? గింత వానల ఏడికి..."

"నీకు దండం పెడ్త, ఉరుకవే!"

లైన్ తెగింది. కిటికీ వదిలితే తెగుతుందని తెలుసు. కప్పు కూలినా తెగుతుంది. గంటసేపు ఆ ఫోన్ పట్టుకుని, ఆఫీసులో అందరి ముందూ ఏడుస్తూ కూర్చున్నాను.

చివరికి జైనూర్ బజారు నుంచి చేసింది. "దూలం ఇరిగి కప్పంత కిటికీకాన్నే వడ్డదక్కా. అందరం బయటనే ఉంటిమి. గది నీకెట్ల ఎర్కైంది?"

ఆ నిమిషం పంపినట్టు సర్వర్ రికార్డుల్లో ఉంది. సర్వర్‌లోని ఫైల్‌లో మాత్రం లేదు. ఆఫీసులో మా వాళ్ళంతా తల బద్దలు కొట్టుకున్నారు, ఎవరికీ అంతుపట్టలేదు.

కానీ లోపం లోపమే కదా, సరిచేయమన్నారు. ఫైల్ సైజు దాటి ఏం వచ్చినా ఫోన్ తీసుకోకుండా పారేయాలి. రెండు వరుసల కోడ్. నేనే రాశాను. అందరి ఫోన్లలోకీ వెళ్ళింది.

సరిత ఇప్పుడు ఇంకో గూడెంలో, ఇంకో పాత ఇంట్లో పనిచేస్తోంది. రోజూ ఏదో ఒక ఫైల్ పంపుతూనే ఉంటుంది. నా కోడ్ ఏమైనా పారేసిందా అని రికార్డుల్లో చూడొచ్చు. చూసే ధైర్యం నాకు లేదు.