దొర చెవిన వేసిన మాటలు

మోకాలి ఆపరేషన్ అయిన మూడో వారం నుంచి నాకు మెట్లు ఎక్కడం నేర్పడానికి ఒక బెంగాలీ అమ్మాయి వస్తోంది. ఎనభైకి దగ్గరపడ్డదానికి కొత్తగా మెట్లెక్కడం నేర్పడమేమిటని మీకు నవ్వు రావచ్చు. నాకూ వచ్చింది. ఆ పిల్ల మాత్రం నవ్వదు. నా నడుముకి వెడల్పాటి బెల్టొకటి బిగించి, వెనక నుంచి పట్టుకుని, "మాసీమా, ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు నొప్పి కాలు ముందు" అని తన భాషలో పాఠం చెబుతుంది. మాసీమా అంటే వాళ్ల మాటలో పిన్ని. ఖరగ్‌పూర్ తాల్‌బగీచాలో మా ఇంటికి ఉన్నవే పదకొండు మెట్లు. మొన్న నాలుగో మెట్టు మీద ఆగి రొప్పుతూ, నాకు తెలియకుండానే "హాబీస్" అన్నాను. "ఏమన్నారు మాసీమా?" అంది. ఏమీ లేదమ్మా, పాతమాట అన్నాను. అరవై ఏళ్ల కిందట నేనూ ఇలాగే ఒకరి నడుము కింద గుడ్డ వేసి పట్టుకుని రోజూ మెట్లెక్కించేదాన్ని. ఆ ఒకరు కుక్క అని చెబితే, ఈ పిల్ల తన పనిని నేను వెక్కిరిస్తున్నానని నొచ్చుకుంటుందేమోనని ఊరుకున్నాను.

నేను ఖరగ్‌పూర్ వచ్చేసరికి నాకు పద్దెనిమిదేళ్లు. మాది టెక్కలి దగ్గర పల్లెటూరు. మా ఆయన గూడ్సు గార్డు. పెళ్లయిన పదో రోజున నన్ను నింపురా రైల్వే కాలనీలో మేడమీది క్వార్టర్లో దింపి, పదకొండో రోజున పెట్టె పట్టుకుని లైను మీదకి వెళ్లిపోయారు. గార్డు పెళ్లాం అంటే ఏమిటో ఆ రోజే తెలిసింది. వెళితే రెండు రోజులు, ఒక్కోసారి మూడు. వస్తే నిద్ర. అత్తగారు మా పెళ్లికి రెండేళ్ల ముందే పోయారు. ఇంట్లో మిగిలింది నేను, మా మామగారు, ఆయన కుక్క.

మామగారు వర్క్‌షాపులో ఖలాసీల మేస్త్రీగా పనిచేసి రిటైరయ్యారు. ముప్ఫయ్యేళ్లపాటు క్రేను కింద నిలబడి, బాయిలర్లకీ ఇంజన్లకీ పట్టీలు వేయించి, "హాబీస్" అంటే పైకెత్తించి, "ఆరియా" అంటే కిందికి దింపించిన మనిషి. అంత గొంతున్న ఆయన ఇంట్లో నాతో ఒక్క మాట మాట్లాడేవారు కాదు. కోపం వల్ల కాదు, ఆచారం. మా వైపు అప్పట్లో కోడలు మామగారి ఎదురుగా నిలబడేది కాదు, నేరుగా పలకరించేది కాదు, ఆయనా పలకరించేవారు కాదు. అత్తగారున్న ఇంట్లో ఆవిడ మధ్యవర్తి. పిల్లలుంటే పిల్లలు. మా ఇంట్లో ఇద్దరూ లేరు. అంచేత చప్పుళ్లతో కాపురం చేశాం. అన్నం వడ్డించి గడప మీద గ్లాసుతో టంగుమని కొడితే భోజనానికి రమ్మని. ఆయన రెండుసార్లు దగ్గితే మజ్జిగ కావాలని. ఒకసారి దగ్గితే ఉత్త దగ్గు. ఈ లెక్క కుదరడానికి ఆర్నెల్లు పట్టింది. ఈలోగా ఉత్త దగ్గులకి బోలెడు మజ్జిగ తాగారాయన. పక్క క్వార్టర్లో బెంగాలీ వాళ్లు, కింద ఒరియా వాళ్లు. నాకు తెలుగు తప్ప రాదు. వంటింట్లో నాలో నేను పైకే మాట్లాడుకునేదాన్ని, నా గొంతు ఎలా ఉంటుందో మర్చిపోకుండా.

కుక్క పేరు దొర. ఒక ఆంగ్లో ఇండియన్ డ్రైవరు దేశం వదిలి వెళ్లిపోతూ మామగారికి అప్పగించి వెళ్లాడట. అసలు పేరేదో ఇంగ్లీషుది. ఆయన నోరు తిరగక దొర అన్నారు. ఉద్యోగమంతా దొరల కింద చేశాను, ఇప్పుడొక దొర నా చేతి ముద్ద తింటున్నాడు అనేవారట నవ్వుతూ. దూడంత ఉండేది. నిలబడితే దాని వీపు నా నడుముకి వచ్చేది. పొద్దున్నే ఆయన పాల కోసం పట్టాలు దాటి వెళితే వెంట వెళ్లేది. అలా వెళ్లిన ఒక రోజున షంటింగులో ఉన్న వ్యాగను దాని వెనక కుడి కాలి మీదుగా వెళ్లింది. మామగారు దాన్ని రిక్షాలో ఒళ్లో వేసుకుని పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లారు. తిరిగి వచ్చేసరికి కుక్కకి మూడు కాళ్లే ఉన్నాయి. ఆయన పంచె మీది నెత్తురు చూసి నేను తలుపు వెనక్కి తప్పుకోవడం కూడా మర్చిపోయాను.

డాక్టరుబాబు ఖచ్చితంగా చెప్పాడట. చదును నేల మీద మూడు కాళ్లు చాలు, హాయిగా బతుకుతుంది. మెట్ల మీద మాత్రం పడకూడదు. మిగిలిన ఆ ఒక్క వెనక కాలి తుంటి విరిగితే ఇంక సూది వేసి నిద్రపుచ్చడమే. మాది మేడమీద ఇల్లు. తొమ్మిది మెట్లు, మలుపు, మళ్లీ తొమ్మిది. కింద కట్టేద్దామని చూస్తే మొదటి పూటే వీధి కుక్కలు చుట్టుముట్టాయి. ఇంట్లోనే కానివ్వమంటే దొర ఇంట్లో ఒక్క చుక్క వదలని మర్యాదస్తుడు, తలుపు దగ్గర నిలబడి మూలుగుతాడు. రోజుకి రెండుసార్లు దించాలి, రెండుసార్లు ఎక్కించాలి. అంత బరువు అరవైయేళ్ల మనిషి ఒక్కడి వల్ల అయ్యే పని కాదు, కొడుకేమో లైను మీద. మిగిలింది నేనే.

మొదటి రోజు ఆయన తన విద్యంతా చూపించారు. వర్క్‌షాపులో మిషన్లు తిప్పే కాన్వాసు బెల్టు ముక్కొకటి తెచ్చి, కుక్కని అటూ ఇటూ కొలిచి, బాయిలరుకి వేసినట్టు సరిగ్గా పొట్ట మధ్యన వేశారు. ఒక కొస ఆయన, ఒక కొస నేను. "హాబీస్" అన్నారు. దొర ఉయ్యాల్లో పిల్లాడిలా గాల్లోకి లేచి, ముందు కాళ్లు కొట్టుకుని, భయంతో నా పాదాల మీద ఉచ్చ పోసేశాడు. పాపం, ఆయన ఎత్తిన ఇంజన్లలో ఒక్కదానికీ ఈ అలవాటు లేదు. ఆ సాయంత్రం చాలాసేపు ఆలోచించారు. ముందు కాళ్లు వాడివే, వాటితో వాడే నడుస్తాడు, మనం ఎత్తాల్సింది వెనక భాగమే అని తేల్చుకున్నట్టున్నారు. కాన్వాసు ఒరుసుకుని దొర తొడ దగ్గర ఎర్రగా కమిలింది. మర్నాడు పొద్దున్న వంటింటి గడప మీద మడత పెట్టిన నేత చీర ఒకటి ఉంది. మా అత్తగారిది. దాన్ని నాలుగు మడతలు వేసి కుట్టమని అర్థమైంది. కుడుతున్నప్పుడు కర్పూరం వాసన వచ్చింది.

అప్పటినుంచి ఆయన ముందు, మెడపట్టీ పట్టుకుని. నేను వెనక, చీర మడత రెండు కొసలూ పట్టుకుని. మధ్యలో దొర. ఒకరు ఆపితే రెండోవాళ్లు ఆపాలి, ఒకరు ఎత్తితే రెండోవాళ్లు ముందుకు నడిపించాలి, లేకపోతే కుక్క పడుతుంది. చప్పుళ్లతో అయ్యే పని కాదు, నోరు విప్పక తప్పదు. మూడో రోజున ఐదో మెట్టు మీద నా చెయ్యి జారుతోంది. ఆయన వెనక్కి తిరగకుండా, కుక్క చెవి దగ్గర వంగి, "దొరా, గట్టిగా పట్టుకోమను" అన్నారు. నేను ఊపిరి బిగబట్టి, "దొరా, సెయ్యి జారిపోతంది, కాసేపు ఆగమని సెప్పు" అన్నాను. ఆయన ఆగారు. దొర మా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. మా ఆచారం చెడలేదు, మా కుక్క పడలేదు.

దారి దొరికాక మాటలు ఆగుతాయా? మలుపు దగ్గర ముగ్గురం అలుపు తీర్చుకునేవాళ్లం. ఆయన పై మెట్టు మీద, నేను రెండు మెట్ల కింద గోడ వైపు తిరిగి. "దొరా, ఇయ్యాల పులుసులో ఉప్పెక్కువైనాది" అనేవారు. "దొరా, నిన్న తక్కువైందని ఎవులో కంచంలో ఇడిసిపెట్టేసినారు" అనేదాన్ని. ఆయన భుజాలు కదిలేవి, నవ్వుతున్నారని తెలిసేది. వర్క్‌షాపు సైరను ఎందుకు రెండుసార్లు మోగుతుందో, గోల్‌బజారులో చేపలు ఎవరి దగ్గర కొనాలో, మా ఆయన చిన్నప్పుడు ఏ చెట్టు మీంచి పడ్డారో అన్నీ దొరకి చెప్పేవారు. నేనూ మా ఊరి సంగతులన్నీ దొరకే చెప్పాను. అంత ఓపిగ్గా వినేవాడు ఆ కాలనీలో మరొకడు లేడు. పద్దెనిమిది మెట్లకి అరగంట పట్టేది. రోజంతా ఆ అరగంట కోసమే చూసేదాన్ని. గాయం మానిపోయాక, దొర కొంచెం కొంచెం తనే ఎక్కడం నేర్చుకుంటుంటే సంతోషించాల్సింది పోయి నాకు దిగులేసింది. ఆ మాట ఇప్పుడు ఒప్పుకోవడానికి సిగ్గుగా లేదు.

ఒక రోజు మలుపు దగ్గర అలుపు తీర్చుకుంటున్నాం. ఆయన కుక్క వీపు నిమురుతూ, "దొరా, మా ఇంటిది ఈ ఊరు వొచ్చిన కొత్తల్లో ఏడాదిపాటు ఏడిసినాది. నాకు తెలీనేదు. డూటీకెల్లడం, రావడం, తొంగోడం. తరవాతెప్పుడో అదే సెప్తే తెలిసినాది. ఈ పిల్ల కూడా ఏడస్తందేటో అడుగు" అన్నారు. ఎవరైనా ఒక మంచిమాట అడిగితే చాలు, ఆ వయసులో కళ్లు ముందే జవాబు చెప్పేస్తాయి. గోడకి నుదురు ఆనించి, "దొరా, ఏడస్తందని సెప్పు" అన్నాను.

ఆ వారమే మా ఆయన మా ఊరికి రైలు పాసు రాయించారు. "నాన్న పంపమన్నాడు. నెల్రోజులుండి రా" అన్నారు. మరి దొర అంటే, పక్క క్వార్టర్లోని బెంగాలీ దాదా సాయం పడతానన్నాడని చెప్పారు. బయల్దేరేటప్పుడు మామగారు మెట్ల పైన నిలబడి, "దొరా, ఇక్కడి గురించి దిగులెట్టుకోవొద్దని సెప్పు. మనమిద్దరం సూసుకుంటామని సెప్పు" అన్నారు. నేను వెళ్లాను. సంతోషంగా వెళ్లాను. అమ్మ చేతి అన్నం తిన్నాను, ఏట్లో ఈదాను, ఎడతెరిపి లేకుండా నేరుగా మనుషులతోనే మాట్లాడాను. నెల్లో ఒక్క రోజు మెట్లు గుర్తొచ్చాయో లేదో.

తిరిగి వచ్చిన రోజు ప్లాట్‌ఫారం మీద మా ఆయన నా పెట్టె అందుకుని, "దొర లేడు" అన్నారు. వారం కిందట పొద్దున్నుంచీ వాన. పక్కింటాయన డ్యూటీలో ఉన్నాడు. దొర తలుపు దగ్గర మూలుగుతుంటే మధ్యాహ్నం దాకా చూసి, మామగారు ఒక్కరే పూనుకున్నారు. చీర మడత నడుము కింద వేసి, ఒక చేత్తో దాన్నీ, ఇంకో చేత్తో మెడపట్టీనీ పట్టుకుని దించారట. మలుపు దాటాక తడి మెట్టు. డాక్టరుబాబు వచ్చి తుంటి చూసి, తల అడ్డంగా ఆడించి, సూది వేశాడు. "నాన్నని ఏటీ అడక్కు" అన్నారు మా ఆయన. నేను ఆయన్ని ఎప్పుడు ఏం అడిగాను గనక.

ఇంట్లో మళ్లీ గ్లాసు చప్పుడు, రెండు దగ్గులు. కొన్నాళ్లకి దగ్గులు కూడా మానేశారు. పెట్టింది తిని, కుర్చీ గోడవైపు తిప్పుకుని కూర్చునేవారు. నిజం చెప్పాలంటే నాకు ఆయన మీద కోపం ఉంది. దాదా వచ్చేదాకా ఆగలేకపోయారా అని. ఆ కోపం కింద నా మీద నాకే ఇంకా పెద్ద కోపం ఉంది. అది ఎవరికి చెప్పుకోవాలో తెలియదు. చెప్పుకునేవాడు పోయాడు.

ఒక సాయంత్రం, వర్క్‌షాపు వదిలి సైకిళ్లన్నీ ఇళ్లకి వెళుతున్న వేళ, నేను కింద కుళాయి దగ్గర బిందె నింపుకుని వస్తున్నాను. మలుపు దగ్గర, ఎప్పుడూ కూర్చునే మెట్టు మీద మామగారు కూర్చుని ఉన్నారు. దాటి వెళ్లకూడదు కనుక రెండు మెట్ల కింద గోడవైపు తిరిగి నిలబడ్డాను. ఆయన పక్కన ఖాళీగా ఉన్న చోటు మీద చెయ్యి వేసి, అన్నారు. "దొరా, నాను ఇడిసిపెట్టనేదు. సేతిలోంచి జారిపోనాది. ఇడిసిపెట్టనేదని సెప్పు."

నేను చెప్పవలసినది ఒక్క మాట. దొరా, ఆయన తప్పు కాదని సెప్పు. అంతే. నోటిదాకా వచ్చింది. కానీ దొర లేని చోట ఆ మాట నేరుగా ఆయనకే వెళుతుంది. కోడలు మామగారితో నేరుగా మాట్లాడదని నా గొంతు పట్టుకున్నది ఆచారమో, కోపమో, ఏడుపో ఇప్పటికీ తేల్చుకోలేకపోయాను. బిందెలో నీళ్లు నా భుజం మీదికి కారుతూనే ఉన్నాయి. ఆయన తర్వాత రెయిలింగు పట్టుకుని లేచి, నాకు దారి ఇవ్వడానికి గోడకి ఒదిగి నిలబడ్డారు. నేను తల దించుకుని పైకి వెళ్లిపోయాను.

ఆ తర్వాత ఆ మాట చాలాసార్లు కూడబలుక్కున్నాను. అన్నం పెట్టేటప్పుడు చెబుదామనుకున్నాను, పండగ వెళ్లాక చెబుదామనుకున్నాను. ఆ చలికాలంలో ఒక పొద్దున్న ఆయన లేవలేదు. నాకప్పటికి పంతొమ్మిదేళ్లు. ఆయనకీ నా అంత కాలం మిగిలి ఉంటుందనే అనుకున్నాను.