ఓనోరియో బాబాయ్ దువ్వెనలు

కత్తి ఎవరి చేతిలో కనిపించినా ఓనోరియో ముసలాయన దాని పిడిని వాసన చూస్తాడు. పదును చూడడు. మీట నొక్కితే అలుగు ఎంత చురుగ్గా బయటికి దూకుతుందో అదీ చూడడు. కోటు మడతలోంచి సూది తీసి, లైటరుతో ఎర్రగా కాల్చి, పిడి అడుగున చిన్న చుక్క పెట్టి ముక్కు దగ్గరికి తీసుకుంటాడు. వెంట్రుక కాలిన కంపు వస్తే అసలైన కొమ్ము. ప్లాస్టిక్ కంపు వస్తే మాత్రం కత్తిని మనిషి చేతిలో పెట్టి, "దువ్వెన బావుంది, తల దువ్వుకో" అంటాడు.

కత్తుల తయారీకి పేరుపడ్డ ఇటలీ ఊరు మానియాగోలో కత్తి లేని జేబు లేదు కాబట్టి ఆయన నోట పడని మనిషీ లేడు. ఒక పెళ్లిలో మామగారు అల్లుడికి కానుకగా ఇచ్చిన కత్తిని విందు మధ్యలోనే లాక్కుని వాసన చూసి, "బట్టతల అల్లుడికి దువ్వెన ఇచ్చావేమయ్యా" అన్నాడు. ఇంకోసారి చర్చి ఫాదర్ సలామీ మాంసం కోసుకుంటుంటే పట్టుకున్నాడు. "ఆదివారం అబద్ధం ఆడొద్దని చెప్పి, సోమవారం అబద్ధంతోనే సలామీ కోస్తారా ఫాదర్?" ఆ తర్వాత ఫాదర్ సలామీని చేత్తోనే తుంపుకుని తిన్నాడని ఊళ్లో చెప్పుకుంటారు.

ఈ పీడ సరిగ్గా డెల్ఫీనా కత్తుల కార్ఖానా పక్కింట్లోనే కాపురం ఉండేది. భర్త తర్చీజియో పోయాక ఇద్దరు పనివాళ్లతో ఆమె దాన్ని ఎలాగో లాక్కొస్తోంది. ఎప్పుడైనా ముసలాయన ఇంటికి కాఫీ తీసుకెళ్తే అటక మీద నాలుగు గేదె కొమ్ములు కనిపించేవి. ముప్పై ఏళ్లుగా అక్కడే ఎండుతున్నాయి. ఏ సంవత్సరానికి ఎండుతాయో వాటి మీద సుద్దతో రాసి ఉండేది. ఆ సంవత్సరం రాగానే ఆయన దాన్ని తుడిచేసి ఇంకో అయిదేళ్లు పెంచేవాడు.

"ఎవరికి బాబాయ్ ఇవి?"

"నాకే. శవపేటికలో నా పక్కన పెట్టే కత్తికి."

"ఒక్క కత్తికి నాలుగు కొమ్ములా?"

"ఎండేలోగా మూడు పగులుతాయి. ఆ మాత్రం తెలియదా, పిల్లా?"

ఆ కొమ్ములు ఎండేదాకా చావు కూడా గుమ్మం బయట నిలబడాల్సిందేనని ఊరు నవ్వుకునేది.

ఆ శరదృతువులో ట్రియెస్తె నగరంలో వేట సామాను దుకాణం నడిపే బ్రూనెల్లో అనే ఆయన డెల్ఫీనాకు నలభై కత్తులకు ఆర్డరు చెప్పాడు. అన్నీ కొమ్ము పిడులే కావాలి. సరుకు నచ్చితే ఏటా తీసుకుంటాడు. నచ్చకపోతే డెల్ఫీనా కార్ఖానా మూసేసి, లిన్యానో సముద్రపు ఒడ్డు హోటళ్లలో దుప్పట్లు మడతపెట్టుకోవాలి. పిడులకు కొమ్ము పలకలు అమ్మిన వర్తకుడు అవి అసలైనవేనని తల్లి మీద ఒట్టేశాడు కాబట్టి ఆమె నమ్మింది.

కత్తులన్నీ తయారయ్యాక, బుధవారం డెల్ఫీనా బయట కాఫీ తాగొచ్చేసరికి కార్ఖానా అంతా కాలిన కంపు. ఓనోరియో ఆమె స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. ముందు నలభై కత్తులు రెండు కుప్పలుగా పడున్నాయి.

"ముప్పై ఒకటి కత్తులు," అన్నాడు. "తొమ్మిది దువ్వెనలు."

డెల్ఫీనా ఆ తొమ్మిదిలోంచి ఒకటి చేతిలోకి తీసుకుంది. "నిన్నెవరు చూడమన్నారు బాబాయ్?"

"నా ముక్కు."

"నల్లగా నిగనిగలాడుతున్నాయి. ఎవరికి తెలుస్తుంది?"

"ఒక్క చలికాలం పోనీ. పిడి బీటలిస్తుంది, మీట వదులవుతుంది, కత్తి జేబులోనే తెరుచుకుని వేటగాడి తొడలో దిగుతుంది. అలుగు మీద ఎవరి పేరు ఉంది? తర్చీజియోది."

అది సూది కంటే లోతుగా దిగింది. "ఇక చాలు. మళ్లీ ఈ గుమ్మం తొక్కకు," అంది డెల్ఫీనా.

"చెత్త నేను పారేస్తాలే," అని ఆ తొమ్మిదీ టోపీలో వేసుకుని వెళ్లిపోయాడు. ఆమె వెనకే పరిగెత్తేసరికి లోపల గడియ పడింది.

"తలుపు తియ్యి బాబాయ్!"

"తల దువ్వుకుంటున్నాను. తర్వాత రా."

పోలీసుల దగ్గరికి వెళ్దామనుకుంది. కానీ పోలీసు అధికారి కత్తి కూడా దువ్వెనే అని తేలి ఏడాది కాలేదు. అప్పట్నుంచీ అతను ఆ వీధిలోకే రావడం లేదు. గురువారం, శుక్రవారం పక్కింట్లోంచి ఆకురాయి చప్పుడు ఆగలేదు. పిడులు అరగదీసి పొయ్యిలో వేస్తున్నాడనుకుని డెల్ఫీనా రెండు పూటలా ఆయన్ని తిట్టిపోసింది.

శనివారం బ్రూనెల్లో వచ్చి లెక్కపెట్టాడు. "ముప్పై ఒకటే ఉన్నాయే?"

అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. కానీ ఆ వేటగాడి తొడ కళ్లముందు మెదిలింది. "మిగతా తొమ్మిదీ కొమ్ము కాదు. నేను మోసపోయాను. అవి మీకు అమ్మను," అంది.

అప్పుడే ఓనోరియో లోపలికొచ్చి టోపీని బల్ల మీద బోర్లించాడు. అవే తొమ్మిది అలుగులు. పిడులు మాత్రం వేరు. నల్లటి కొమ్ము, వెలుగుకు పెడితే లోపల తేనె రంగు చార. బ్రూనెల్లో ఒకటి తీసి మీట నొక్కాడు. టక్కున తెరుచుకుంది. ఆయన బొటనవేలు పిడిని వదల్లేదు.

"ఇలాంటి కొమ్ము ఈ రోజుల్లో ఎక్కడిది? వీటి ముందు మిగతావి..."

"దువ్వెనలు," అని అందించాడు ఓనోరియో.

బ్రూనెల్లో నవ్వి నలభై కత్తులూ పెట్టెలో పెట్టించుకున్నాడు, వచ్చే ఏడాదికీ చెప్పి వెళ్లాడు.

డెల్ఫీనా పక్కింటికి వెళ్లి అటక వైపు చూసింది. కొమ్ములు ఉండాల్సిన చోట దుమ్ములో నాలుగు వంకర గుర్తులే ఉన్నాయి. బుధవారం నుంచీ తిట్టిన తిట్లన్నీ గుర్తొచ్చి సిగ్గేసింది.

"మూడు పగులుతాయన్నావు కదా బాబాయ్."

"ఒక్కటీ పగల్లేదు. మొండి కొమ్ములు."

"మరి నీ కత్తి?"

"కొత్తవి తేవాలి. ముప్పై ఏళ్లు ఎండాలి."

"అప్పటికి నీకు నూట పదకొండు."

"ఏం చెయ్యను? నీ మూలంగా అన్నాళ్లు బతకాల్సొచ్చింది."

సోమవారం డెల్ఫీనా నాలుగు కొమ్ములు కొని తెచ్చి, ముప్పై ఏళ్ల తర్వాతి సంవత్సరం సుద్దతో రాసి, తనే అటక మీద పెట్టింది. ఓనోరియో ఒక దాన్ని దించి, సూది కాల్చి గుచ్చి, చాలాసేపు వాసన చూశాడు. కొమ్మే. ఆ మాట మాత్రం నోట రానివ్వలేదు. మీద రాసింది తుడిచేసి ఇంకో అయిదేళ్లు కలిపాడు.

"అదెందుకు?"

"నువ్వు కొన్న కొమ్ము కదా," అన్నాడు.